తాత పేరు పిలిచే డోలు

ఘనా దేశపు ఉత్తర ప్రాంతంలో, దగోంబా అనే జనుల ఊళ్ళలో, ఏ పెళ్ళికి వెళ్ళినా, బిడ్డకు పేరు పెట్టే వేడుకకు వెళ్ళినా, పోయినవారి పెద్ద కర్మకు వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. జనం గుండ్రంగా మూగి ఉంటారు. మధ్యలోకి ఒక్కరే వస్తారు. డోళ్ళవాళ్ళు ఆ ఒక్కరి దగ్గరికి జరిగి, ఆ ఒక్కరి కోసమే వాయిస్తారు. నాలుగు అడుగులు పడ్డాయో లేదో, చుట్టాలూ స్నేహితులూ ఒకరి వెంట ఒకరు వచ్చి నాణెమో నోటో చెమట పట్టిన నుదుటికి అదిమి వెళతారు. అది జారి నేల మీద పడుతుంది. దాన్ని ఏరుకునేది మాత్రం ఆడిన మనిషి కాదు, డోళ్ళ బృందం.

డబ్బు డోళ్ళవాళ్ళకు చేరేదే అయితే ఇంకొకరి నుదుటికి అంటించడం ఎందుకు? నేరుగా వాళ్ళ చేతిలో పెడితే సరిపోదా? చూడడానికి చిల్లర ప్రశ్నే. కానీ దీని కొస పట్టుకుని లాగితే ఆ ఊరి సంగీతం, నాట్యం, రాచరికం, చావు కర్మలు అన్నీ ఒకే దారానికి గుచ్చుకుని బయటికి వస్తాయి.

ముందుగా ఒక జాగ్రత్త. ‘పశ్చిమాఫ్రికా సంగీతం’ అన్నది ‘దక్షిణ భారత వంట’ అన్నంత వదులు మాట. మాలి, గినీ దేశాల్లో జెలి అనే వంశపారంపర్య గాయక కుటుంబాలు 21 తీగల కోరా మీటుతూ పాత రాజుల గాథలు పాడతాయి. అదే నేలలో పుట్టి ప్రపంచమంతా తిరిగిన జెంబే డోలు మాత్రం జెలిల వాద్యం కాదు, దాని పుట్టుకను కమ్మరి వంశాలతో ముడిపెడతారు. ఘనా, టోగో తీరంలోని ఎవే జనానికి ఇనుప జేగంట మోగనిదే తాళం నిలవదు. వీటన్నిటినీ ఒక వ్యాసంలో కుక్కితే ఏదీ మిగలదు. అందుకే ఇక్కడ ఒక్క దగ్బోన్ గురించే, అంటే దగోంబాల రాజ్యం గురించే, మాట్లాడుకుందాం. సుమారు 15వ శతాబ్దం నుంచి నిలిచిన రాజ్యమది. ఇప్పుడు ఘనాలో భాగం. రాజు ఉండేది యెండిలో, పెద్ద నగరం తమాలే, భాష దగ్బానీ.

బయటినుంచి వెళ్ళిన మనిషి చెవికి ముందుగా తగిలేది లయ. అది తప్పేమీ కాదు, తగలవలసిందే. ఒక డోలు తిశ్రంలో నడుస్తుంటే పక్కది చతురశ్రంలో నడుస్తుంది. 12 మాత్రల నిడివిని ఒకరు మూడేసిగా, ఇంకొకరు నాలుగేసిగా పంచుకుంటారు. ఎవరి దారి వారిదే అనిపిస్తుంది కానీ అందరూ ఒకే చోట కలుస్తారు. ఒక చేత్తో రెండు దెబ్బలు, రెండో చేత్తో అదే వ్యవధిలో మూడు దెబ్బలు బల్ల మీద కొట్టి చూస్తే దీని రుచి కొంత తెలుస్తుంది. మృదంగం నేర్చుకున్నవారికి అసలు ఆశ్చర్యమే ఉండదు. యూరప్, అమెరికా పరిశోధకులు ఈ లెక్కల మీద ఎన్నో పుటలు నింపారు. మంచిదే. కానీ దగోంబా ఊళ్ళో డోలు వింటున్న ముసలాయన వేసుకునే ప్రశ్న అది కాదు. ఎన్ని మాత్రలు అని కాదు, ఎవరి పేరు వాయిస్తున్నారు అని.

డోలు పేరు ఎలా పలుకుతుంది? ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక చిన్న అడ్డంకి ఉంది. మన భాషలో గొంతు ఎత్తినా దించినా మాట మారదు. ‘వచ్చాడు’ అన్న మాటను పైకి లేపితే ప్రశ్న అవుతుంది, కిందికి దించితే జవాబు అవుతుంది, అంతే. పశ్చిమాఫ్రికా భాషల్లో చాలావాటికి గొంతు ఎత్తు కూడా అక్షరం లాంటిదే. నైజీరియాలోని యోరుబా భాషలో ‘ఒకొ’ అనే మాటను మధ్యస్థాయిలో సమంగా పలికితే భర్త. రెండో అక్షరాన్ని పైకి లేపితే పార. కిందికి దించితే బండి. యోరుబాకు ఇలాంటి స్థాయిలు మూడు, దగ్బానీకి రెండు.

ఇప్పుడు వాద్యం సంగతి. దాని పేరు లుంగ (మన లుంగీతో ఏ చుట్టరికమూ లేదు). డమరుకాన్ని బాగా పెద్దది చేసి చంకలో ఇరికించుకున్నట్టు ఉంటుంది. నడుము సన్నగా తొలిచిన కొయ్య, రెండు మూతులకూ తోలు, ఆ రెండు తోళ్ళనూ కలుపుతూ చుట్టూ తోలు తాళ్ళు. కొస వంగిన కర్రతో కొడుతూ మోచేతిని ఒంటికి అదిమితే తాళ్ళు బిగిసి శ్రుతి లేస్తుంది, వదిలితే దిగుతుంది. నొక్కు మీద నొక్కు వేస్తూ జారిస్తే ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి గమకంలా పాకుతుంది. అంటే మాటలోని ఎత్తుపల్లాలనూ, హ్రస్వదీర్ఘాలనూ అచ్చంగా అచ్చు తీయగలదు. మనకు ‘తకధిమి’ అనేది నోరు మృదంగాన్ని అనుకరించడం. అక్కడ డోలు నోటిని అనుకరిస్తుంది.

ఎత్తుపల్లాలను అచ్చు తీయగలదు గానీ అచ్చులూ హల్లులూ పలకలేదు. మెలిక అక్కడే ఉంది. ఒకే ఎత్తుపల్లం ఉన్న మాటలు ఏ భాషలోనైనా వందలు ఉంటాయి. డోలు రెండుసార్లు ‘పై, పై’ అంటే అది ఏ మాట? దీనికి అందరికంటే స్పష్టమైన ఉదాహరణ పశ్చిమాఫ్రికాది కాదు, కాంగోది. అక్కడి లోకెలే భాషలో సొంగె అంటే చందమామ, కొకొ అంటే కోడి. రెండూ డోలు మీద ఒకటే. అందుకని డోలు ఎప్పుడూ ఒంటి మాట పలకదు. ఒకదాన్ని ‘నేల వైపు చూసే చందమామ’ అంటుంది, మరొకదాన్ని ‘కియోకియో అనే చిన్ని కోడి’ అంటుంది. వెనకున్న తోక వల్ల ముందున్న మాట తెలుస్తుంది. ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఉన్న జాన్ కారింగ్టన్ అనే ఆంగ్ల మిషనరీ ఇలాంటి పదబంధాలను నమోదు చేసి, డోలు భాష రహస్య సంకేతం కాదనీ, మామూలు మాటకే నీడ అనీ చూపించాడు.

నీడ కాబట్టి పొరపడడమూ సులభమే. ఘనా రేడియో తన ప్రసారాలకు ముందు అకాన్ జనుల అతుంపన్ అనే జంట డోళ్ళతో ‘ఘనా, వినండి’ అని పలికించేది. నైజీరియా రేడియో కూడా డోలుతోనే తన పేరు చెప్పుకునేది. అయితే ఆ ఎత్తుపల్లాలు విన్న యోరుబా శ్రోతలు వాటికి సొంత మాటలు అమర్చుకున్నారు. ‘ఒలుబాదాన్ పోతే గద్దె ఎవరికి?’ అన్నది వాటిలో బాగా ప్రచారమైనది. ఒలుబాదాన్ అంటే ఇబాదాన్ నగరపు రాజు. సంస్థ తన పేరు తాను చెప్పుకుంటుంటే జనానికి వారసత్వ తగాదా వినిపించిందన్నమాట. నాకు ఈ కథ ఇష్టం. డోలు కొత్త మాట మోయలేదనీ, వినేవాడికి ముందే తెలిసిన మాటనే గుర్తు చేయగలదనీ ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ దొరకలేదు.

ముందే తెలిసిన మాటలు అంటే ఏమిటి? సామెతలు, బిరుదులు. దగ్బోన్‌లో ఒక వ్యక్తి నాయకత్వానికి వచ్చినప్పుడు ఒక సామెతను తన పేరుగా ఎంచుకుంటాడు. తనను ఓర్వలేని వాళ్ళకు చురకో, తన స్వభావానికి అద్దమో అందులో ఉంటుంది. డోళ్ళవాళ్ళు దాన్ని వాయిద్యం మీదికి ఎక్కిస్తారు. అక్కడినుంచి ఆ పేరు ఆయన బతికినంత కాలం ఆయన వెంట నడుస్తుంది, పోయాక పిల్లల వెంట నడుస్తుంది. కొన్ని పేర్లు పూర్తిస్థాయి నాట్యాలుగా స్థిరపడ్డాయి. ఉదాహరణకు ‘నగ్బియెగు’ అంటే పొగరుబోతు అడవి ఎద్దు. 19వ శతాబ్దపు రాజు అబుదు బిరుదు అది. జనాన్ని హడలెత్తించిన ఎద్దును ఆయనే చంపాడని కథ. ఇప్పుడు వేడుకలో నగ్బియెగు మొదలైతే ఆడేవారికి అది ఒక అడుగుల వరస, తెలిసినవారికి రాచరిక చరిత్రలో ఒక అధ్యాయం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. వలయంలోకి ఒక మనిషి వచ్చిన క్షణంలో డోళ్ళవాడు తేల్చుకోవలసింది ఈ మనిషి ఎవరి మనవడు అని. తండ్రి వైపు ఏ గద్దెకు చెందినవాడు, తల్లి వైపు ఎవరు, ఏ తాత బిరుదు ఇప్పుడు పలికితే ఈ మనిషి ఛాతీ ఉబ్బుతుంది? తగిన పేరు పలికితే అడుగు దానంతట అదే లేస్తుంది. ఆ పేరుకు హక్కుదారులు చుట్టూ ఇంకా ఉంటారు. పినతండ్రి కొడుకు, మేనత్త, కోడలు. తమ తాత పేరు గాలిలో ఉండగా ఊరుకోలేక వచ్చి నాణెం అదుముతారు. నాకు అర్థమైనంతలో డబ్బు నుదుటిని తాకడంలో కిటుకు ఇదే. గౌరవం పేరుకు, పేరు మోస్తున్న తల ఈ మనిషిది, పేరును గుర్తుంచుకున్న శ్రమ డోళ్ళవాళ్ళది. ఒక్క నాణెం ముగ్గురి దగ్గరా ఆగి వెళుతుంది. అందుకే అక్కడ బాగా ఆడడం అంటే గంతులు వేయడం కాదు. పెద్దవాళ్ళు రెండు భుజాలు కదిపి, పొడుగాటి అంగీ అంచును ఒకసారి విసిరి, నెమ్మదిగా తిరిగి చాలిస్తారు. జనం దానికే ఈలలు వేస్తారు.

డోలు పేరు లుంగ, డోలు వాయించేవాడి పేరూ లుంగే. బహువచనం లున్సి. ఇది ఎవరైనా నేర్చుకుని చేసే వృత్తి కాదు, వంశం. మూలపురుషుడు బిజుంగ్ అని చెబుతారు. రాజ్యాన్ని నిలబెట్టిన నా న్యగ్సి కొడుకే (‘నా’ అంటే దగ్బానీలో నాయకుడు, రాజు). తల్లి చిన్నప్పుడే పోయింది, సవతి తల్లుల ఇంట కడుపు నిండలేదు, ఆకలికి డోలు వాయించుకుంటూ తండ్రి కంట పడ్డాడు అని కథ. యెండిలో లున్సికి పెద్ద అయిన నమో నా ఈ బిజుంగ్ వారసుడు. అంటే డోళ్ళవాళ్ళు రాజుకు దాయాదులు. అదే నోటితో తమను ‘రాజు భార్యలం’ అని కూడా చెప్పుకుంటారు. ఆయన పెట్టేది తిని, ఆయన గొప్ప చెప్పి, ఇంటి గుట్టు దాచేవారమని భావం. గుట్టు దాచడం చిన్న మాట కాదు. అందరి వంశాలూ తెలిసినవాడికి ఎవరి వంశంలో బానిసలున్నారో, ఎవరి తాత యుద్ధంలో పారిపోయాడో కూడా తెలుస్తుంది. అది వాయించడు.

ఈ వంశానికి ఒక కట్టుబాటు ఉంది. లున్సి ఇంటి ఆడపిల్ల బయటి కుటుంబంలోకి కోడలిగా వెళితే, ఆమె పిల్లల్లో ఒకడిని డోలు నేర్చుకోవడానికి పుట్టింటికి పంపాలి. పంపకపోతే ఆ బిడ్డకు జబ్బు చేస్తుందని నమ్మకం. నమ్మకం మాట అటుంచితే దాని ఫలితం చూడండి. మేనమామ ఇంట పెరిగిన కుర్రవాడు తండ్రి వంశాన్నీ, తల్లి వంశాన్నీ కలిపి కంఠతా పట్టి తిరిగి వెళతాడు. డోళ్ళ ఇళ్ళ జ్ఞాపకం ఊరూరా వ్యాపిస్తుంది. మన దగ్గర భట్రాజులు, వంశరాజులు కుటుంబాల గోత్రాలు, వంశావళులు చదివిన రోజులు తెలిసినవారికి ఈ ఏర్పాటు మరీ కొత్తగా అనిపించదు.

జ్ఞాపకం పూర్తిగా బయటపడే రాత్రి ఒకటి ఉంది. దాన్ని సంబన్‌లుంగ అంటారు, ఇంటి ముందు ఆరుబయట వాయించే లుంగ అని. కొన్ని పెద్ద పండుగల ముందు రాత్రి నాయకుడి ఇంటి ముంగిట జనం కూర్చుంటారు. ఒక్క గాయకుడు నిలబడి రాజుల చరిత్ర ఎత్తుకుంటాడు. వెనక వరసగా డోళ్ళవాళ్ళు ప్రతి పాదానికీ వంత వాయిస్తారు. తెల్లవారేదాకా సాగుతుంది. ఎవరు ఎవరిని ఎలా గెలిచారు, గద్దె ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, ఏ తప్పుకు ఏ శిక్ష పడింది. కొన్ని కథలు ప్రమాదకరమైనవి. వాటిని ఎత్తాలంటే ముందు జంతుబలి జరగాలి, లేకపోతే పాడినవాడికి కీడు. మాటకు బరువుందని నమ్మే సమాజంలో చరిత్ర చెప్పడం కూడా ఒంటి మీదికి తెచ్చుకునే పనే.

అన్ని నాట్యాలూ పేర్ల మీదే నిలబడవు. తకాయ్‌లో మగవాళ్ళు వలయంగా తిరుగుతూ పక్కవారి కర్రకు కర్ర తగిలిస్తారు. మన కోలాటం గుర్తుకు రాక మానదు, కానీ అక్కడ కళ్ళు కర్రల మీద ఉండవు. నేత పట్టీలు కుట్టిన బరువైన అంగీలు గిర్రున తిరిగి గొడుగుల్లా విచ్చుకునే తీరు మీద ఉంటాయి. తోరా ఆడవాళ్ళది, ఇద్దరు తిరిగి వచ్చి తాళం మీద నడుములు ఢీకొంటారు. బామాయా మరీ వింత. మగవాళ్ళు ఆడవేషం వేసి నడుము ఊపుతారు. కరువు వచ్చినప్పుడు ఆడవాళ్ళ మొర దేవతలు త్వరగా వింటారని మగవాళ్ళే చీరలాంటివి చుట్టుకుని ఆడారట, వాన కురిసిందట. పేరుకు అర్థం ‘పల్లం తడిసింది’ అని.

ఇవే ఎక్కువగా రంగస్థలం మీదికి వెళ్ళాయి. ఘనాకు స్వాతంత్ర్యం వచ్చింది 1957లో. లెగాన్‌లోని విశ్వవిద్యాలయంలో ఘనా నాట్య బృందం 1962లో ఏర్పడింది. పండితుడు క్వబెనా న్కెటియా, నాట్య రూపకర్త మవెరే ఒపోకు దాని వెనక ఉన్నారు. ఒక్కో జాతి నాట్యాన్ని అందరిదిగా చేసి కొత్త దేశానికి ఒక ముఖం ఇవ్వాలని వాళ్ళ తపన. అందులో వాళ్ళు గెలిచారనే నా అభిప్రాయం. పోయినదేమిటో కూడా చెప్పుకోవాలి. వేదిక మీద తకాయ్ ఆడే కుర్రవాడు తీరప్రాంతపు వాడు కావచ్చు. డోలు నగ్బియెగు అన్నా అది అతని ముత్తాత కాదు. ప్రేక్షకుల్లోంచి లేచి వచ్చే మేనత్త లేదు. చప్పట్లు ఉన్నాయి, నాణెం లేదు.

ఊళ్ళో ఇది ఎంత గంభీరమైన వ్యవహారమో తెలియాలంటే యెండి గొడవ చూడాలి. దగ్బోన్‌లో రాజును గద్దె మీద కాదు, జంతు చర్మాల మీద కూర్చోబెడతారు. ఆయనను యా నా అంటారు. 19వ శతాబ్దం నుంచి ఆ స్థానం రెండు రాచశాఖల మధ్య, అబుదులకూ అందానీలకూ మధ్య, వంతులవారీగా తిరుగుతూ వచ్చింది. 1974లో అబుదు శాఖకు చెందిన మహమదు అబ్దులాయ్ 4ను పదవి నుంచి దించారు. 1988లో ఆయన చనిపోయారు. పెద్ద కర్మ ఎక్కడ జరపాలి? రాజభవనంలో జరిగితే ఆయన రాజుగా చనిపోయినట్టు, కొడుకులకు హక్కు నిలిచినట్టు. బయట జరిగితే లేనట్టు. ఆ ప్రశ్న ఏళ్ళ తరబడి తెగని తగాదా అయింది. 2002 మార్చిలో బుగుం అనే కాగడాల పండుగను ఎవరు ముందుండి జరపాలన్న తగాదా దానికి తోడై పోరాటంగా మారింది. అప్పటి యా నా, అందానీ శాఖకు చెందిన యాకుబు అందాని 2, ఆయన వైపువారు ఎంతోమంది హతులయ్యారు.

ఆ తర్వాత 16 ఏళ్ళకు పైగా యెండికి యా నా లేడు. ఘనాలోనే ఉన్న అషాంతి జనుల రాజు ఒసెయ్ టుటు 2 నాయకత్వంలో ముగ్గురు పెద్ద రాజులు మధ్యవర్తిత్వం నడిపారు. చివరికి వాళ్ళు తేల్చిన దారి చూస్తే ఈ వ్యాసమంతా మరోసారి కనబడుతుంది. ముందు 2018 డిసెంబరులో మహమదు పెద్ద కర్మ. తర్వాత 2019 జనవరిలో యాకుబు పెద్ద కర్మ. రెండూ రాజభవనంలోనే. ఆ రెండూ ముగిశాకే అదే జనవరిలో అబూకరి 2 కొత్త యా నా అయ్యారు. కోర్టులూ, విచారణ సంఘాలూ, కర్ఫ్యూలూ తేల్చలేనిదాన్ని వరస తప్పకుండా జరిగిన రెండు కర్మలు తేల్చాయి. కర్మ అంటే అక్కడ వారాల తరబడి డోళ్ళూ నాట్యాలూ పేర్లూ అని గుర్తుంచుకుంటే, సంగీతం ఇక్కడ పండుగ అలంకారం కాదని చెప్పే పని నాకు తప్పుతుంది.

దగ్బోన్ పండుగల్లో పెద్దది దంబా. ఇస్లాం స్వీకరించిన రాజు నా జంగినా పేరుతో ముడిపడినది. ప్రవక్త జన్మమాసంలో వస్తుంది, కానీ మసీదు కన్నా రాజు వాకిట్లోనే ఎక్కువ నడుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరే తంతు ఉంటుంది, ఎద్దు చుట్టూ ప్రదక్షిణ ఉంటుంది. నెలలో 11వ రోజున సోమో దంబా, 17న నా దంబా, 18న వీడ్కోలు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు పండుగను సాగనంపుతారు. గుర్రాల మీద నాయకులు వస్తారు, తుపాకులు పేలతాయి, అంగీలు విచ్చుకుంటాయి. నాయకుడు కూడా దిగి వలయంలోకి రావాలి. అక్కడ ఆయనకు మినహాయింపు లేదు. లుంగ చంకలో బిగుసుకుని ఆయన తాత పేరు ఎత్తుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు జేబులు తడుముకుంటారు.